జిద్దా ఎంత దూరం?

ఈసారి హజ్ సీజన్‌లో మా మొహల్లా పెద్దాయన ఒకరిని సాగనంపడానికి నాంపల్లి హజ్ హౌస్‌కు వెళ్లాను. పూలహారాలు, ఏడుపులు, "కహా సునా మాఫ్ కర్నా" అంటూ ఒకరి చేతులు ఒకరు పట్టుకోవడాలు, బాజూకు ఇమామ్ జామిన్ కట్టడాలు అన్నీ అయ్యాయి. ఆయన మనవడు ఫోన్ చూసుకుంటూ "దాదా, జిద్దా 4,130 కిలోమీటర్లంట. ఐదున్నర గంటల్లో దిగిపోతారు" అన్నాడు. పెద్దాయన నవ్వి, "మా అబ్బాజాన్ పోయి రావడానికి నాలుగు నెలలు పట్టింది బేటా. కిలోమీటర్లు మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

ఇద్దరూ చెప్పింది సహీ. అప్పట్నుంచీ ఈ ఫాసలా సంగతి నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

ముందు మనవడి లెక్క చూద్దాం. శంషాబాద్ నుంచి జిద్దాకు ఆకాశంలో గీత గీస్తే 4,100 కిలోమీటర్ల పైచిలుకు. విమానానికి ఐదున్నర నుంచి ఆరు గంటలు. మన గడియారానికీ అక్కడి గడియారానికీ రెండున్నర గంటల తేడా. పొద్దున 6 గంటలకు ఇక్కడ ఎక్కితే అక్కడ 9 గంటలకు దిగుతారు, మూడు గంటల్లోనే చేరుకున్నట్టు అనిపిస్తుంది. వచ్చేటప్పుడు అదే విమానం, అదే దారి, కానీ దాదాపు అర గంట తక్కువ పడుతుంది. అంత ఎత్తులో గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది గనుక, పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. ఇంత ఇంజను, ఇంత కంప్యూటరు వచ్చాక కూడా గాలి తన హిస్సా తాను తీసుకుంటూనే ఉందన్నమాట.

ఒకప్పుడైతే మొత్తం లెక్క గాలిదే. మనం ఉర్దూలో మౌసమ్ అంటాం. అరబీలో అది మౌసిమ్. అంటే ఒక పనికి ఏటా వచ్చే నిర్ణీత కాలం. అరబ్ నావికులు ఓడ నడిపే కాలాన్నీ మౌసిమ్ అన్నారు, హజ్ కాలాన్నీ మౌసిమ్ అన్నారు. ఆ మాటే పోర్చుగీసు నోట్లో పడి, ఇంగ్లీషులోకి దూకి, మాన్సూన్ అయి మన తెలుగు పేపర్లోకి వచ్చింది. నేను ఇరవై ఏళ్లుగా ప్రతి జూన్‌లో రుతుపవనాల వార్తలు రాస్తున్నాను. ఆ మాటకు మక్కా దారితో చుట్టరికం ఉందని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

గోల్కొండ జమానాలో మన దక్కన్ ముసాఫిర్లకు సముద్రపు దర్వాజా బందరు, అంటే మచిలీపట్నం. 16వ శతాబ్దం చివర్లో కుతుబ్ షాహీల కాలంలో అక్కడి నుంచి ఎర్ర సముద్రం దాకా ఓడలు నడిచాయి. కలంకారీ బట్టలు, మగ్గం బట్టలు పోయేవి, హాజీలు పోయేవారు. మక్కా, మదీనా పేదలకు ఖైరాత్ కింద బియ్యం కూడా పోయేది. బందరులో ఎక్కిన ఓడ లంకను చుట్టుకుని, అరేబియా సముద్రం దాటి, ఏడెన్ పక్కన బాబుల్ మందబ్ అనే ఇరుకు దారిలో దూరి పైకి పోవాలి. పడమటి తీరంలో సూరత్ నుంచి పోయేవాళ్లకు దారి చాలా దగ్గర. అందుకే మొఘల్ హిందుస్తాన్ అంతా సూరత్‌ను బాబుల్ మక్కా, మక్కా ద్వారం, అని పిలిచింది.

ఇక్కడ ఒక చిక్కుంది. దీన్ని అర్థం చేసుకోకపోతే పాతకాలం హజ్ ఎందుకంత కష్టమో తెలియదు. గాలి సూర్యుడి లెక్కతో నడుస్తుంది, హజ్ చంద్రుడి లెక్కతో నడుస్తుంది. సూరత్ నుంచి తెరచాప ఓడ మార్చిలో బయలుదేరితే నెల అటూ ఇటూగా చేరుతుంది. తిరిగి రావాలంటే నైరుతి గాలి కాస్త నెమ్మదించే ఆగస్టు దాకా ఆగాల్సిందే. ఓడకు ఇంకో దారి లేదు. జిల్‌హజ్ నెల మాత్రం ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతూ, 33 ఏళ్లకు ఒకసారి రుతువులన్నీ చుట్టి వస్తుంది. నసీబ్ బాగుండి హజ్ జూన్‌లో పడిందనుకోండి, ఆరు నెలల్లో ఇంటికి రావచ్చు. డిసెంబర్‌లో పడితే? ఏప్రిల్‌లో దిగి డిసెంబర్ దాకా ఇంతెజార్, హజ్ అయ్యాక మళ్లీ ఆగస్టు దాకా ఇంతెజార్. ఇల్లు విడిచిన ఏడాదిన్నరకు ఇంటి ముఖం. దూరం అదే, సముద్రం అదే, ఓడ అదే. చంద్రుడు ఎక్కడున్నాడన్న దాన్ని బట్టి సఫర్ మూడింతలు పెరిగేది.

గాలి ఒక్కటే అయితే సబ్ర్ చేసుకోవచ్చు. దారిలో మనుషులు కూడా ఉన్నారు. పోర్చుగీసువాళ్లు అరేబియా సముద్రం తమ జాగీర్ అన్నట్టు, వచ్చేపోయే ప్రతి ఓడా తమ దగ్గర కార్తాజ్ అనే ఇజాజత్ కాగితం కొనాలన్నారు. బాబర్ కూతురు, అక్బర్‌కు ఫుప్పీ అయిన గుల్‌బదన్ బేగం 1575లో ఫతేపూర్ సిక్రీ నుంచి హజ్‌కు బయలుదేరింది. వెంట సలీమా సుల్తాన్ బేగం, ఇంకా షాహీ ఖాందాన్ ఆడవాళ్లు. బాద్‌షాహ్ ఇంటి ఆడవాళ్లు కదా, దారి తనంతట తానే తెరుచుకుంటుందనుకుంటాం. కాగితం వ్యవహారం తేలేదాకా వాళ్లు దాదాపు ఏడాది సూరత్‌లోనే కూర్చున్నారు. హిజాజ్‌లో మూడేళ్లకు పైగా ఉండి నాలుగు హజ్‌లు చేశారు. వచ్చేటప్పుడు ఏడెన్ దగ్గర ఓడ దెబ్బతిని నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయారు. ఫతేపూర్ సిక్రీ మళ్లీ చూసింది 1582లో. అప్పటికి ఆమె వయసు అరవైకి దగ్గరపడింది. ఆమె రాసిన హుమాయూన్ నామా గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఆ ఏడేళ్ల సఫర్ గురించి ఆమె రాసింది ఏదీ మనదాకా రాలేదు. చరిత్రలో నాకు బాగా బాధ కలిగించే ఖాళీల్లో అదొకటి.

కాగితం కొన్నా భరోసా లేదు. 1613లో జహంగీర్ తల్లి మర్యమ్ ఉజ్ జమానీ ఓడ రహీమీని, కార్తాజ్ ఉండగానే, పోర్చుగీసువాళ్లు పట్టుకున్నారు. 1695లో మక్కా నుంచి తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఎ-సవాయీని ఇంగ్లీషు దొంగ హెన్రీ ఎవ్రీ దోచాడు. ఓడలో హాజీలున్నారు, ఆడవాళ్లున్నారు. వాళ్ల మీద జరిగిన జుల్మ్ ఇక్కడ రాయను.

19వ శతాబ్దంలో ఆవిరి ఓడ వచ్చి గాలి పెత్తనాన్ని తెంచింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఎర్ర సముద్రం ఓడల రహదారి అయింది. మన వైపు 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం రైలు పడింది. వాడిలో బొంబాయి లైను కలుస్తుంది. హైదరాబాద్ హాజీకి బందరు, సూరత్ రెండూ మరుపున పడి, బొంబాయే దర్వాజా అయింది. రైల్లో 800 కిలోమీటర్లకు కాస్త తక్కువ, అక్కడి నుంచి సముద్రం మీద 2,300 నాటికల్ మైళ్లు, అంటే 4,200 కిలోమీటర్ల పైన. రెండూ కలిపితే ఐదు వేలు. మనవడి ఫోన్ చెప్పిన దానికన్నా 900 ఎక్కువ. రోజుల్లో చూస్తే, ఏడాదిన్నర సఫర్ మూడు నాలుగు నెలలకు దిగింది.

ఆవిరి ఓడతో ఇంకో సంగతి జరిగింది. అమీర్లూ, ఆలిములూ, దర్బారు మనుషులూ పోయే దారిలోకి గరీబులు వచ్చారు. దర్జీలు, నేతగాళ్లు, చిన్న రైతులు. డెక్కు మీద చాప పరుచుకునేంత జాగా దొరికితే చాలు. ఓడ కంపెనీలకు ఇది బంగారం. సరుకు నింపినట్టు మనుషుల్ని నింపారు. 1865లో హిజాజ్‌లో కలరా పుట్టి వేలమంది హాజీలు చనిపోయారు. అది ఓడలెక్కి ఈజిప్టుకూ, అక్కడి నుంచి యూరోపుకూ పోయింది. యూరోపు గుండె గుభేలుమంది. మరుసటి ఏడాది ఇస్తాంబుల్‌లో దేశాలన్నీ కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి. దాని తర్వాత హాజీ అంటే ఇబాదత్‌కు పోయే మనిషి అనే నజర్ పోయింది, రోగం మోసే మనిషి అనే నజర్ వచ్చింది.

యెమన్ తీరం పక్కన కమరాన్ అని ఒక దీవి. 1882లో ఉస్మానీ హుకూమత్ అక్కడ క్వారంటైన్ పెట్టింది. హిందుస్తాన్ నుంచి వచ్చే హాజీల ఓడ అక్కడ ఆగాలి. అందర్నీ దించుతారు, బట్టలు విప్పించి మందు ఆవిరిలో వేస్తారు, స్నానం చేయిస్తారు, రోజుల తరబడి షెడ్లలో ఉంచుతారు. ఫీజు కూడా హాజీ నుంచే వసూలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దీవి బ్రిటిషువాళ్ల చేతికి వచ్చింది, క్వారంటైన్ 1950ల మొదటి దాకా నడిచింది. కరోనా రోజుల్లో ఎయిర్‌పోర్టులో నన్ను పక్కకు నిలబెట్టి ముక్కులో పుల్ల పెట్టినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కమరానే.

ఇంకో వింత. 1886లో బ్రిటిష్ ఇండియా సర్కార్ హాజీల సఫర్ బందోబస్తును థామస్ కుక్ కంపెనీకి అప్పగించింది. అవును, విహారయాత్రల కుక్కే. నష్టం వస్తోందని 1893కల్లా వదిలేసింది. సర్కార్‌కు అసలు తలనొప్పి జిద్దాలో చిక్కుకుపోయిన హాజీలు. పోవడానికి కిరాయి ఉంటుంది, రావడానికి ఉండదు. వాళ్లను ఎవరి ఖర్చుతో తేవాలి? చివరికి 1920ల్లో రానూపోనూ టికెట్ గానీ డిపాజిట్ గానీ లేకుండా ఓడ ఎక్కనివ్వమని చట్టం చేశారు. గరీబు హాజీకి జిద్దా మళ్లీ దూరమైంది. ఓడ వేగం రవ్వంత కూడా తగ్గకుండానే.

ఓడ హజ్ ఎలా ఉండేదో చెప్పేవాళ్లు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చోండి. నాంపల్లి స్టేషన్లో నారే తక్బీర్, బొంబాయిలో క్రాఫర్డ్ మార్కెట్ దగ్గర సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో మకాం. బిస్తరు, సందూఖు, బియ్యం, పప్పు, అచార్ డబ్బాలు, ఆ సందూఖు అడుగున మడత పెట్టిన కఫన్. మొఘల్ లైన్ ఓడలు. మొహమ్మదీ, ఇస్లామీ, ముజఫ్ఫరీ అని పేర్లు. రెండు రోజులు కడుపులో తిప్పుడు, తర్వాత అలవాటు. దారిలో ఎవరైనా చనిపోతే డెక్కు మీదే జనాజా నమాజు, బరువు కట్టి సముద్రంలోకి దించడం. యలమ్‌లమ్ మీఖాత్‌కు ఎదురుగా వచ్చామని ఓడ సైరన్ మోగేది. అప్పటికే గుస్ల్ చేసుకుని సిద్ధంగా ఉన్నవాళ్లు ఎహ్రామ్ కట్టుకునేవాళ్లు. వేయిమంది ఒక్కసారిగా తెల్లబట్టల్లోకి మారి లబ్బైక్ అనడం, చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేకపోవడం. అది చూసినవాళ్ల గొంతు ఆ మాట దగ్గర తప్పకుండా ఆగుతుంది. ఇప్పుడు ఎహ్రామ్ ఇక్కడే, హజ్ హౌస్‌లోనే కట్టుకుంటాం. మీఖాత్ వస్తోందని విమానంలో మైకులో చెప్తారు. కునుకు పడితే అదీ వినబడదు.

1959లో రిజర్వ్ బ్యాంక్ హాజీల కోసం వేరే నోట్లు కూడా అచ్చేసింది. పదివి, వందవి. నంబరు ముందు హెచ్‌ఏ అని అక్షరాలు. ఇక్కడ బజార్లో చెల్లవు, అక్కడే చెల్లుతాయి. ఇప్పుడవి నోట్లు పోగుచేసేవాళ్ల ఆల్బమ్‌లలో ఉన్నాయి.

జిద్దాలో దిగితే మక్కా వచ్చినట్టు కాదు. ఇంకా 80 కిలోమీటర్లు. ఒంటె మీద రెండు రాత్రులు. మక్కా నుంచి మదీనాకు 450 కిలోమీటర్లు, పది పన్నెండు రోజులు, బద్దూల భయం వేరే. చేరాక తల దాచుకోవడానికి మాత్రం హైదరాబాదీలకు ఒక సొంత నీడ ఉంది, నిజాం రుబాత్. రియాసత్ హాజీల కోసం మక్కాలో నిజాములు వక్ఫ్ చేసిన ఇళ్లు. ఇప్పటికీ పాత రియాసత్ జిల్లాల హాజీలకు, తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటకలో కలిసిన జిల్లాలవాళ్లకు, ఖుర్రాలో పేరొస్తే అక్కడ ఉచితం. 1956లో మ్యాపు మీద చెరిగిపోయిన రాష్ట్రం మక్కాలో ఒక మకాం రూపంలో బతికి ఉంది. ఔరంగాబాద్ హాజీ, గుల్బర్గా హాజీ, నల్లగొండ హాజీ అక్కడ మళ్లీ ఒక ముల్క్ వాళ్లవుతారు. కర్నూలు హాజీకి చోటుండదు. మా కర్నూలు దోస్తు దీని మీద నన్ను ఎత్తిపొడవని రంజాన్ లేదు.

1995లో బొంబాయి నుంచి హాజీల ఓడ ఆగిపోయింది. చివరిది ఎం.వి. అక్బరీ. ఓడలు పాతబడ్డాయి, కొత్తవి కొనలేదు. అంతకు ముందు నుంచే ఏటేటా ఓడ సీట్లు తగ్గి, విమానం సీట్లు పెరుగుతూ వచ్చాయి. మా దాదీ ఓడ టికెట్ లెక్కతో డబ్బు కూడబెట్టింది. గేదె పాలు అమ్మి, కుట్టుపని చేసి, హార్లిక్స్ డబ్బాలో. ఓడ ఆగిందని అబ్బా చెప్పిన రోజు డబ్బాలో డబ్బు లెక్కపెట్టింది. విమానం లెక్కకు చాలలేదు. తర్వాత నాలుగేళ్లకు పోయింది. ఆమె కోసం దాచిన కఫన్‌కు జమ్‌జమ్ నీళ్లు ఎవరో ఇచ్చిన సీసాలోంచి చల్లారు. జిద్దా అనే పేరుకు అరబీలో నానమ్మ అని అర్థం చెప్తారు, హవ్వా అమ్మ ఖబర్ అక్కడే ఉందని జనం నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో నాకు అక్కర్లేదు, ఆ పేరు వింటే నాకు మా దాదీ గుర్తొస్తుంది.

ఇక సబ్సిడీ సంగతి. ఈ దేశంలో ముసల్మాన్‌గా పెరిగి, "మీకేం, సర్కార్ ఖర్చుతో మక్కా పోతారు" అనే మాట పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? నేను న్యూస్ డెస్క్‌లోనే పడ్డాను. అసలు ఏం జరిగిందో ఎవరికీ పట్టదు. ఓడలో పోయే మనిషిని ఓడ తీసేసి విమానం ఎక్కించారు. విమానం కిరాయి వాడి తాహతుకు మించింది. ఆ తేడా సర్కార్ భరించింది. ఎవరికి కట్టింది? హాజీ చేతికి పైసా రాలేదు, విమాన కంపెనీకి వెళ్లింది. కంపెనీని ఎంచుకునే హక్కు కూడా హాజీకి లేదు. రెండు దేశాల ఒప్పందం ప్రకారం అయితే ఎయిర్ ఇండియా, కాకపోతే సౌదీ విమానం. పైగా హజ్ విమానం లెక్క వేరు. హాజీల్ని దించి ఖాళీగా తిరిగొస్తుంది, నెల తర్వాత ఖాళీగా పోయి వాళ్లను తెస్తుంది. ఆ ఖాళీ సీట్ల కిరాయి కూడా టికెట్‌లోనే కలుస్తుంది. మామూలు రోజుల్లో ఉమ్రాకు పోయేవాడి టికెట్‌తో పోల్చి చూస్తే ఆశ్చర్యపోతారు.

సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్కల ప్రకారం 1994లో సబ్సిడీ పదిన్నర కోట్లు, 2011లో 685 కోట్లు. 2012 మేలో జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా దేశాయ్ బెంచ్ పదేళ్లలో దాన్ని పూర్తిగా తీసేయమంది. హజ్ ఇస్తితాఅత్ ఉన్నవాళ్ల మీదే ఫర్జ్ అని ఖురాన్ చెప్పిన సంగతి తీర్పులోనే ఉంది. ఆ డబ్బు చదువులకు పెట్టమని కూడా ఉంది. దీన్ని మనవాళ్లు వ్యతిరేకించారనుకుంటే గలత్. తీసేసి ఆడపిల్లల చదువుకు ఇవ్వండని మన హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అంతకు ముందు నుంచే అడుగుతున్నారు. 2018 జనవరిలో సబ్సిడీ పూర్తిగా పోయింది. అచ్ఛా హువా. ఇల్జాం మాత్రం పోలేదు, వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇస్తితాఅత్ అంటే దారికి తగిన తాహతు. డబ్బు, ఆరోగ్యం, దారిలో అమన్. ఫుఖహా పాత రోజుల్లోనే దీన్ని చర్చించారు. సముద్రంలో దొంగలుంటే హజ్ ఫర్జ్ అవుతుందా, ఎవడికో సుంకం కడితే తప్ప దారి దొరకనప్పుడు ఫర్జ్ అవుతుందా అని. కార్తాజ్ కొనడం తప్ప దారిలేని రోజుల్లో హిందుస్తాన్‌లో ఇది ఉత్త మసలా కాదు, రోజువారీ ప్రశ్న. దూరాన్ని మైళ్లలో కొలిచినవాళ్లు తక్కువ. దారి మీద ఎవడు కూర్చున్నాడు, ఎంత అడుగుతున్నాడు అని కొలిచారు.

ఇప్పుడూ అలాగే కొలవాల్సి వస్తోంది. 2023లో ఆంధ్రా హాజీల కోసం విజయవాడ గన్నవరం ఎయిర్‌పోర్టును హజ్ ప్రయాణ కేంద్రం చేశారు. ఎన్నేళ్లుగానో అడుగుతున్నది, మంచిదే. కిరాయి ప్రకటించాక చూస్తే హైదరాబాద్ నుంచి పోయేవాళ్ల కన్నా మనిషికి 80 వేలకు పైగా ఎక్కువ. విజయవాడ నుంచి జిద్దాకు ఆకాశంలో మహా అయితే 250 కిలోమీటర్లు ఎక్కువ, అంటే విమానానికి పావుగంట, ఇరవై నిమిషాలు. ఆ పావుగంటకు 80 వేలు. చిన్న ఎయిర్‌పోర్టు, తక్కువ మంది, ఖాళీగా తిరిగే విమానం అన్నీ కలిసి అంత తేలింది. చివరికి ఆ తేడాను ఆంధ్రా సర్కార్ భరించింది. మళ్లీ కొందరు పాత పాటే ఎత్తుకున్నారు.

2018లోనే ఇంకో మాట విన్నాం. ఓడ దారి మళ్లీ తెరవడానికి సౌదీ ఒప్పుకుందని కేంద్ర మంత్రి ముఖ్తార్ అబ్బాస్ నఖ్వీ చెప్పారు. ఒకప్పుడు 12 నుంచి 15 రోజులు పట్టిన 2,300 నాటికల్ మైళ్లు కొత్త ఓడలకు మూడు నాలుగు రోజులే అన్నారు. ఒక్కో ఓడలో నాలుగైదు వేల మంది అన్నారు. ఖర్చు బాగా తగ్గుతుందన్నారు. ఆ ఓడ ఇంకా రాలేదు.

హజ్ హౌస్ ముందు బస్సు కదిలింది. పెద్దాయన కిటికీలోంచి చేయి ఊపుతున్నాడు, ఎహ్రామ్ భుజం మీంచి జారుతుంటే ఇంకో చేత్తో సర్దుకుంటున్నాడు. మనవడు ఫోన్‌లో విమానం బొమ్మను చూపించే యాప్ తెరిచి పెట్టుకున్నాడు. రాత్రంతా దాన్నే చూస్తూ కూర్చుంటానని చెప్పాడు.